"మీ పోస్టు చూశాం" అన్నారు, ఇప్పుడు అన్నీ తీసేయాలా?

ప్రశ్న

మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 31. సొంతూరు ఖమ్మం జిల్లాలో, అత్తవారిది నల్గొండ వైపు. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఎనిమిదేళ్లు టెస్టింగ్‌లో పనిచేశారు. ప్రాజెక్టు అయిపోయిందని రెండు నెలలు ఏ పనీ అప్పగించకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు. తర్వాత ఒకరోజు పిలిచి, "మీ అంతట మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ ఏ ఇబ్బందీ లేకుండా ఇస్తాం" అన్నారట. సంతకం పెట్టి వచ్చేశారు. ఇది జరిగి ఏడు నెలలైంది. ఈ నెలల్లో సెలీనియం అనే టెస్టింగ్ టూల్ నేర్చుకుంటున్నారు.

ఆ రాత్రి కోపం ఆగక లింక్డ్‌ఇన్‌లో పెద్ద పోస్టు రాశారు. కంపెనీ పేరు, మేనేజర్ పేరు, తన చివరి పనిరోజు తేదీ, ఆ గదిలో తనతో ఎలా మాట్లాడారో అన్నీ అందులో ఉన్నాయి. వేలమంది చూశారు. చాలామంది ఓదార్చారు, కొందరు ఆ మేనేజర్‌ని కామెంట్లలో బూతులు తిట్టారు. పోయిన నెల మరో కంపెనీలో రెండు టెక్నికల్ రౌండ్లు బాగా జరిగాయి. మూడో రౌండ్‌లో హెచ్ఆర్ ఆవిడ, "లింక్డ్‌ఇన్‌లో మీ పోస్టు చూశాం" అన్నారు. ఈవిడ ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నారు. ఆ తర్వాత ఫోన్ లేదు, మెయిల్ లేదు.

అప్పట్నుంచి భయం పట్టుకుంది. తన ఖాతాలన్నీ తవ్వి చూసుకున్నారు. ఫేస్‌బుక్‌లో 2013, 2014 నాటి కామెంట్లు దొరికాయి. రాష్ట్ర విభజన గొడవల్లో, కాలేజీ రోజుల్లో, అవతలి ప్రాంతం వాళ్లను అనకూడని మాటలు అన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖమ్మం యాసలో చేసే అత్తాకోడళ్ల రీల్స్‌కి పదిహేను వేలమంది దాకా ఫాలోయర్లున్నారు. వాటిలో రెండు పాత ఆఫీసులోనే, మెడలో ట్యాగ్‌తో, తన సీటు దగ్గర తీసినవి.

సలహాలకు కొదవ లేదు. అన్నయ్య అన్ని అకౌంట్లూ డిలీట్ చేయమంటున్నారు. స్నేహితురాలు రోజుకో పోస్టు పెట్టమంటోంది, చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చట. ఒక కన్సల్టెన్సీ వాళ్లు, "గ్యాప్ మేం కవర్ చేస్తాం. ఇప్పటికీ ఒక కంపెనీలో పనిచేస్తున్నట్టు పేస్లిప్పులు ఇస్తాం, లింక్డ్‌ఇన్‌లో కూడా అలాగే మార్చుకోండి" అన్నారు. భర్తకి ఆన్‌సైట్, అంటే కంపెనీ తరఫున విదేశంలో పనిచేసే అవకాశం ఉంది. ఆయన ఆఫీసులో వాళ్లేమో వీసా కోసం ఖాతాలన్నీ పబ్లిక్‌లో ఉంచాలంటున్నారు. వీటన్నిటి మీదా ఇంకొకటి: ఉద్యోగం పోయిందని అత్తమామలకి ఇప్పటికీ చెప్పలేదు. ఆడపడుచు లింక్డ్‌ఇన్‌లో ఉంది. ఫొటో చుట్టూ ఆకుపచ్చ 'ఓపెన్ టు వర్క్' కనిపిస్తే ఆ రోజు సాయంత్రానికి ఊళ్లో తెలిసిపోతుంది.

ఉత్తరం చివర ఇలా రాశారు: "ఆ పోస్టులో ఒక్క అబద్ధం లేదు మేడమ్. తీసేస్తే నాకు జరిగింది జరగలేదని ఒప్పుకున్నట్టే కదా? ఉంచితే నాకెవరూ ఉద్యోగం ఇవ్వరా?"

సమాధానం

ముందుగా ఒక మాట. బెంచ్ మీద పెట్టి, గదిలోకి పిలిచి, మీ చేతే రాజీనామా రాయించుకోవడం మనిషిని లోపల చాలా దెబ్బ తీస్తుంది. ఎనిమిదేళ్లు పనిచేసిన చోట అలా జరిగితే ఆ రాత్రి ఎవరికైనా నిద్ర పట్టదు. మీరు కోపంలో రాశారని నేను మిమ్మల్ని తప్పు పట్టబోవడం లేదు. ఆ కోపానికి కారణం ఉంది.

ఇక హెచ్ఆర్ సంగతి. నేను చాలాకాలం నియామకాల పనిలో ఉన్నాను. మూడో రౌండ్ తర్వాత ఫోన్ రాకపోవడానికి ఎన్ని కారణాలుంటాయో అభ్యర్థికి ఎప్పటికీ తెలియదు. బడ్జెట్ ఆగిపోతుంది. లోపల బెంచ్ మీదున్న మనిషినే ఆ సీటులో పెడతారు. ఇంకొకరు తక్కువ జీతానికి, వెంటనే చేరతామంటారు. మీ పోస్టు వల్లే ఆగిందని మీరు తేల్చేసుకున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆవిడ ఆ మాట మీ ముందే అన్నారని గమనించండి. వద్దనుకున్నవాళ్లు సాధారణంగా ఏమీ అనకుండానే పక్కన పెట్టేస్తారు. ముఖం మీద అడిగారంటే, మీరేం చెబుతారో విందామనుకున్నారని నా ఉద్దేశం. మీ దగ్గర జవాబు లేకపోయింది. అందుకే పోస్టుని ఏం చేయాలనేది సగం ప్రశ్న మాత్రమే. దాని గురించి ఎవరైనా అడిగితే ఏం చెబుతారన్నది మిగతా సగం. తీసేసినా స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు కాబట్టి ఆ రెండో సగం ఎలాగూ తప్పదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఇది. మీరు ముగ్గురి నుంచి దాక్కుంటున్నారు: కొత్త కంపెనీల నుంచి, పాత కంపెనీ నుంచి, అత్తవారింటి నుంచి. మూడు గుమ్మాలకూ ఒకే తాళం వేద్దామని చూస్తున్నారు, అందుకే ఏ సలహా విన్నా ఒకచోట సరిపోయి ఇంకోచోట బెడిసికొడుతోంది. వీటిని విడదీసి చూద్దాం.

ముందు, ఆలోచించాల్సిన పని లేని ఒకే ఒక్క విషయం చెప్పేస్తాను. ఆఫీసులో తీసిన ఆ రెండు రీల్స్. ఈ ఉత్తరం మొత్తంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది అవే, మీరు మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. వాటిని ఫోన్‌లో కాకుండా పెద్ద తెరమీద, ఆపి ఆపి చూడండి. వెనక మానిటర్ మీద ఏముంది? వైట్‌బోర్డు మీద క్లయింట్ పేరుందా? ట్యాగ్ మీద ఎంప్లాయీ నంబరు కనిపిస్తోందా? మీరు టెస్టర్. విడుదల కాని సాఫ్ట్‌వేర్, అందులోని లోపాలు మీ చేతుల మీదుగా వెళతాయి. మిమ్మల్ని తీసుకోబోయే కంపెనీకి మీ యాస, హాస్యం పట్టవు. క్లయింట్ తెర కనిపించిందంటే మాత్రం మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం గుర్తుకొస్తుంది. ఆ రెండూ ఈరోజే తీసేయండి. ఆర్కైవ్‌లో కూడా ఉంచొద్దు.

మిగతా రీల్స్ జోలికి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం. యాసలో అత్తాకోడళ్ల ముచ్చట్లు చెప్పే అమ్మాయి టెస్టింగ్ ఉద్యోగానికి పనికిరాదని ఏ తెలివైన మేనేజరూ అనుకోడు. అనుకునేవాళ్లు ఉండరని చెప్పను. అలాంటి చోట చేరితే మీరు రోజూ మీలో సగం దాచుకుని ఆఫీసుకెళ్లాలి, అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఇబ్బందిగా అనిపిస్తే మధ్యదారి ఒకటుంది. ఖాతాకి మీ సర్టిఫికెట్ల మీదున్న పేరు తీసేసి ఒక కళాపేరు పెట్టుకోండి. ఇంకొకటి గుర్తుంచుకోండి. ప్రొఫెషనల్ లేదా క్రియేటర్ ఖాతాల పబ్లిక్ ఫొటోలు, వీడియోలు గూగుల్‌లో వెతికితే కనపడే వీలుని ఇన్‌స్టాగ్రామ్ 2025 జులై నుంచి తెచ్చింది. ప్రైవసీ సెట్టింగుల్లో దాన్ని ఆపుకోవచ్చు. ఆపితే మీ పేరు వెతికిన రిక్రూటర్‌కి రీల్స్ నేరుగా తగలవు. కొత్త ఫాలోయర్లు రావడం కొంత తగ్గొచ్చు. ఏది ముఖ్యమో మీ ఇష్టం.

ఇప్పుడు ఆ పోస్టు.

మీరు దాన్ని మీ బాధగా చదువుతున్నారు. నియామకం చేసేవాళ్లు దాన్ని చదివేటప్పుడు వాళ్ల మనసులో మెదిలే ప్రశ్న వేరు: రేపు మాతో తేడా వస్తే మా పేర్లు కూడా ఇలాగే రాస్తుందా? ఇందులో న్యాయం లేదు, నిజమే. పని పోగొట్టుకున్న మనిషి నోరు మూసుకోవాలని కోరుకోవడమే అది. అయినా ఆ ప్రశ్న వాళ్లకొస్తుంది, మీకిప్పుడు ఉద్యోగం కావాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఉన్నదున్నట్టు ఉంచితే మీ మాట మీద మీరు నిలబడ్డట్టు. అది మీకు ధైర్యమిస్తే మంచిదే. కానీ అందులో ఒక మనిషి పేరుంది. కామెంట్లలో ఆయన్ని బూతులు తిట్టినవాళ్లున్నారు. ఆ బూతులు మీవి కాకపోయినా అవి ఉన్నది మీ గోడమీద. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువునష్టానికి 356వ సెక్షన్ ఉంది. నిజం చెప్పానన్న ఒక్కమాటే సరిపోదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపించాలి. ఆయన కేసు వేస్తాడని మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. వేస్తే ఉద్యోగం వెతుక్కోవాల్సిన సమయంలో మీరు వకీలు దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. వెళ్లిపోయేటప్పుడు సంతకం పెట్టిన కాగితాలు కూడా తీసి చదవండి. కంపెనీ గురించి బయట చెడుగా మాట్లాడనన్న షరతు కొన్నిట్లో ఉంటుంది.

పేర్లు మాత్రం తీసేసి దిద్దుకోవచ్చు. లింక్డ్‌ఇన్‌లో దిద్దిన పోస్టు కింద ఎడిట్ చేశారని కనిపిస్తుంది, అయినా నష్టం లేదు. బూతుల కామెంట్లు మీరే తొలగించవచ్చు, పోస్టు మీది కాబట్టి ఆ హక్కు మీకుంది. మీకు ధైర్యం చెప్పినవాళ్ల మాటలు అలాగే ఉంటాయి. వాళ్లలో కొందరు రేపు మీకు రెఫరల్ ఇచ్చేవాళ్లు. ఏడు నెలల్లో వాళ్లలో ఎంతమందికి మీరు మెసేజ్ పెట్టారు? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆ పోస్టు మీకు చెడే కాదు, మంచి కూడా చేసి పెట్టింది. దాన్ని మీరింకా వాడుకోలేదు.

పూర్తిగా తీసేయడమూ ఒక దారి. దాన్ని పంచుకున్నవాళ్ల దగ్గర నుంచి కూడా అసలు పోస్టు పోతుంది, స్క్రీన్‌షాట్లు తప్ప. తీసేస్తే జరిగింది జరగలేదని ఒప్పుకున్నట్టేనా అని అడిగారు. కాదమ్మా. జరిగినదానికి సాక్ష్యం మీ మెయిళ్లు, బెంచ్ మీద పెట్టిన తేదీలు, ఆ రోజు గదిలో ఎవరెవరున్నారన్న వివరం. వాటిని ఒకచోట రాసి, పోస్టు కాపీతో సహా మీ సొంత డ్రైవ్‌లో దాచుకోండి. బలవంతంగా రాజీనామా చేయించారని కార్మికశాఖ దగ్గరికి వెళ్లాలనిపిస్తే పనికొచ్చేవి అవే. ఒక న్యాయవాదిని అడిగి, మీకున్న వెసులుబాటు, గడువులు తెలుసుకోండి. లైకులు అక్కడ సాక్ష్యం కావు.

నన్ను అడిగితే పేర్లు తీసి దిద్దడం వైపు మొగ్గుతాను. ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు వినిపించినది, మీరు నోరు మూసుకోవడానికి ఇష్టపడే మనిషి కాదని. పూర్తిగా తీసేసి లోలోపల కుమిలిపోతే అది రేపటి ఇంటర్వ్యూలో మీ ముఖంలో కనపడుతుంది. అయితే ఆ పోస్టు చూసిన ప్రతిసారీ మీ చెయ్యి వణుకుతోందంటే తీసేయండి, తీసేసి ఊపిరి పీల్చుకోండి. ఆ సంగతి మీకే తెలుస్తుంది.

ఏ దారి పట్టినా, అడిగినప్పుడు చెప్పే మాట ఇలాంటిది ఉండాలి: "ఆ రోజు చాలా బాధలో రాశాను. అందులో మనిషి పేరు పెట్టకుండా ఉండాల్సింది, తర్వాత తీసేశాను. ప్రాజెక్టు ముగిశాక నన్ను రాజీనామా చేయమన్నారన్నది నిజం. నా పని గురించి మాత్రం ఈ ఇద్దరు పాత లీడ్‌లు చెబుతారు, వాళ్ల నంబర్లు ఇస్తాను." దీన్ని ఇంగ్లీషులో, మీకు నోరు తిరిగే మాటల్లో, అద్దం ముందు కాదు, మీ ఆయన ముందు కూర్చుని చెప్పి చూడండి. గొంతు పూడుకుపోకుండా చెప్పగలిగేదాకా చెప్పండి.

ఫేస్‌బుక్ కామెంట్ల దగ్గర రెండు విషయాలు కలిసిపోయాయి. తెలంగాణ రావాలని కోరుకోవడం మీ అభిప్రాయం. లక్షలమంది కోరుకున్నారు, 2014 జూన్ 2న వచ్చింది. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దాచాల్సింది కూడా లేదు. అవతలివాళ్లను పుట్టిన ప్రాంతాన్ని బట్టి తిట్టడం వేరు. హైదరాబాద్‌లో మీ కాబోయే టీములో గుంటూరు అమ్మాయి, విజయనగరం అబ్బాయి ఉంటారు. వాళ్ల కంట్లో ఆ మాటలు పడితే ఎలా ఉంటుందో ఊహించండి. హెచ్ఆర్ కోసం కాకపోయినా వాళ్లకోసమైనా అవి పోవాలి.

పద్దెనిమిదేళ్లప్పుడు రాసిన మాట జీవితాంతం వెంటాడుతుందా అన్న మీ భయానికి క్రికెట్ నుంచి ఒక సంగతి. 2021 జూన్‌లో లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ తన మొదటి టెస్టు ఆడుతున్న రోజే, 2012, 2013 ప్రాంతాల్లో తాను పెట్టిన జాత్యహంకార, స్త్రీలను కించపరిచే ట్వీట్లు బయటికొచ్చాయి. ఆ రోజు ఆట అయ్యాక బయటికొచ్చి క్షమాపణ చెప్పాడు. ఆ టెస్టులో ఏడు వికెట్లు తీసినా ఇంగ్లండ్ బోర్డు సస్పెండ్ చేసింది, విచారణ జరిగి జరిమానా పడింది. ఆగస్టులో మన జట్టు మీద సిరీస్‌కి మళ్లీ వచ్చాడు. లీడ్స్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసి మనల్ని ఓడించాడు కూడా. మాటలు నొప్పించాయి, శిక్ష పడింది, క్షమాపణ చెప్పాడు, పని కొనసాగింది. మీ కామెంట్లు అంత దూరం వెళ్లేవి కావు. ఎవరైనా ఎత్తితే మీరూ అంత సూటిగా చెప్పగలిగితే చాలు.

తీసే పద్ధతి మాత్రం జాగ్రత్త. పాత పోస్టులన్నిటినీ ఒక్కసారిగా స్నేహితులకే పరిమితం చేసే వీలు ఫేస్‌బుక్ సెట్టింగుల్లో ఉంది. చాలామంది అది నొక్కి పని అయిపోయిందనుకుంటారు. అది మీ సొంత టైమ్‌లైన్‌కే పనిచేస్తుంది. మీరు వేరేవాళ్ల పోస్టుల కింద, గ్రూపుల్లో, న్యూస్ పేజీల కింద రాసిన కామెంట్లు అలాగే బయట ఉంటాయి. మీ సమస్య అక్కడే. వాటికి యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్లి, కామెంట్లు అన్న చోట 2013, 2014 ఎంచుకుని, చదువుతూ తీసేయాలి. ఒక ఆదివారం పడుతుంది. ఆ పనిలో మధ్యలో ఆగి పాత స్నేహితుల పోస్టులు చూసుకుని ఏడవాలనిపిస్తే ఏడవండి, ఫరవాలేదు.

అన్నయ్య చెప్పినట్టు అన్ని ఖాతాలూ డిలీట్ చేస్తే? ప్రేమతోనే చెప్పారు. రెండు చిక్కులున్నాయి. ఎనిమిదేళ్ల అనుభవమున్న టెస్టర్ పేరు కొడితే ఏమీ రాకపోతే రిక్రూటర్‌కి అనుమానమో, అంతకంటే ఎక్కువగా నిరుత్సాహమో కలుగుతుంది. లింక్డ్‌ఇన్ లేకపోతే మీ దాకా వచ్చే కాల్స్‌లో చాలా భాగం ఆగిపోతాయి. రెండోది మీ ఆయన ఆన్‌సైట్ సంగతి. మీరు ఏ దేశమో రాయలేదు, అమెరికా అనుకుంటున్నాను. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్ 160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతారు. ఇవాళ డిలీట్ చేసినా రేపు ఆ పేరు రాయాల్సిందే. పైగా 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకూ, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్ 1బీ ఉద్యోగ వీసాలకూ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్ 4 వీసాలకూ ఖాతాల్ని పబ్లిక్‌లో ఉంచమంటున్నారు. అంటే మీరు హెచ్ 4 మీద వెళ్లాల్సి వస్తే, ఇవాళ తాళం వేసి దాచిన ప్రతిదీ ఆ రోజు తలుపు తీయాల్సిందే. అందుకే నేను ప్రైవేట్ చేయడం మీద ఆధారపడొద్దంటాను. ఎవరు చూసినా మీకు ఇబ్బంది లేనివి ఉంచుకోండి, ఇబ్బంది పెట్టేవి తీసేయండి. ఆన్‌సైట్ ఆలోచన లేకపోతే మాత్రం ఫేస్‌బుక్‌ని స్నేహితులకే పరిమితం చేసుకుని హాయిగా ఉండొచ్చు.

కన్సల్టెన్సీ వాళ్ల సంగతి. ఇక్కడ కూడా దారులూ ఫలితాలూ చెబుతాను, నా గొంతు కొంచెం కటువుగా వినిపిస్తే మన్నించండి. వాళ్లు ఇచ్చే పేస్లిప్పులతో ఇంటర్వ్యూ దాటొచ్చు, ఆఫర్ కూడా రావొచ్చు. చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలవుతుంది. మీ యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతాల నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతారు. పాత కంపెనీ పీఎఫ్ ఏ నెలలో ఆగిందో అందులో ఉంటుంది, ఆ తర్వాత ఏడు నెలలు ఖాళీ ఉంటుంది. ఆదాయపన్ను వివరాల్లో ఆ కొత్త కంపెనీ టీడీఎస్ ఉండదు. ఇవన్నీ అక్కర్లేకుండానే, మీ చివరి పనిరోజు తేదీ మీ పోస్టులోనే ఉంది, వేలమంది చదివారు! దాన్ని చదివిన వాళ్లలో ఒక్కరు మీరు చేరిన కంపెనీలో ఉంటే చాలు. దొరికితే ఆ ఉద్యోగం పోవడంతో ఆగదు. మీ ఎనిమిదేళ్ల నిజమైన అనుభవం మీద కూడా అనుమానం పడుతుంది, అదే నాకు భరించలేనిది.

ఖాళీని ఖాళీగా చూపించడానికి 2022 నుంచి లింక్డ్‌ఇన్‌లో కెరీర్ బ్రేక్ అన్న విభాగం ఉంది. లేఆఫ్ అన్నది కూడా అందులో ఒక కారణంగా ఎంచుకోవచ్చు. ఈ నెలల్లో మీరు సెలీనియం నేర్చుకుంటున్నానని రాశారు కదా, ఆ విషయం అక్కడే రెండు వాక్యాల్లో రాయండి. ఏడు నెలల ఖాళీ ఈ రోజుల్లో ఎవరికీ వింత కాదు.

స్నేహితురాలి సలహా, రోజుకో పోస్టు. మార్కెటింగ్‌లోనో నియామకాల్లోనో ఉన్నవాళ్లకి అది కొంత పనికొస్తుంది. టెస్టర్ని వెతికేవాళ్లు పదాలతో వెతుకుతారు. ఏపీఐ టెస్టింగ్, సెలీనియం, జావా, బ్యాంకింగ్ డొమైన్, ఇలా. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద 220 అక్షరాలు రాసుకునే చోటుంది. అక్కడ 'అవకాశాల కోసం ఎదురుచూస్తున్నాను' అని పెట్టి చోటు వృథా చేయకుండా మీ పని పేరు, మీకొచ్చిన టూల్స్ పేర్లు రాయండి. చాట్‌జీపీటీ రాసిచ్చే స్ఫూర్తి కథలు రోజూ అందరూ పెడుతున్నారు, మీ గొంతు వాటిలో వినపడదు. రీల్స్‌లో అంత సొంత గొంతున్న మనిషి లింక్డ్‌ఇన్‌లో అరువు గొంతుతో మాట్లాడటం నాకు నచ్చదు.

దానికి బదులు మీ వృత్తికే చెందిన దారి ఒకటి ఉంది, దీని మీద మీరు శ్రద్ధ పెట్టాలని నా కోరిక. ప్రోగ్రామర్లు గిట్‌హబ్‌లో కోడ్ చూపిస్తారు. టెస్టర్ చూపించాల్సింది లోపాన్ని పట్టుకుని, అవతలివాడికి ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా రాసే నేర్పు. అది బహిరంగంగా చూపించే చోట్లున్నాయి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకి, ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌కి బగ్‌జిల్లాలు, అంటే లోపాలు నమోదు చేసే సైట్లు ఉన్నాయి. వికీపీడియా సాఫ్ట్‌వేర్‌కి అలాంటిదే ఫ్యాబ్రికేటర్ ఉంది. ఎవరైనా ఖాతా తెరిచి లోపాలు నమోదు చేయవచ్చు, ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు. మీకు తెలుగు వచ్చు, అది అక్కడ అరుదైన బలం. లిబ్రేఆఫీస్‌లో తెలుగు వత్తులు, గుణింతాలు టైపు చేసి చూడండి. పీడీఎఫ్‌గా మార్చి, అందులోంచి కాపీ చేసి చూడండి. పదాల మధ్య కర్సర్ ఎక్కడ ఆగుతోందో, వెతుకులాటలో ఏం దొరకడం లేదో చూడండి. తేడా కనిపిస్తే, అంతకు ముందే ఎవరైనా నమోదు చేశారేమో వెతికి, లేకపోతే రాయండి: ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ అడుగులు వేస్తే వస్తోంది, ఏం రావాలి, ఏం వచ్చింది, తెర చిత్రం. మీరు ఎనిమిదేళ్లు చేసిన పనే ఇది. తేడా ఒక్కటే, ఇన్నాళ్లూ అది కంపెనీ గోడల లోపల ఉండిపోయింది, బయట చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగల్లేదు. అలాంటి నాలుగు మంచి రిపోర్టుల లింకులు రెజ్యూమేలో ఉంటే ఇంటర్వ్యూ చేసే టెస్ట్ లీడ్ వాటిని తప్పకుండా తెరుస్తాడు. తెరిచాక మీతో మాట మొదలయ్యేది వాటి దగ్గరే, ఆ పోస్టు దగ్గర కాదు. సెలీనియం సాధన చేసిన కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి. పాత కంపెనీ స్క్రిప్టు ఒక్క లైను కూడా అందులోకి రానివ్వొద్దు.

చిన్నవి కొన్ని. మన దగ్గర రిక్రూటర్లు వాట్సాప్‌లోనే మాట్లాడతారు. మీ డీపీ, స్టేటస్ 'మై కాంటాక్ట్స్'కి పెట్టుకోండి, అప్పుడు మీరు నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి అవి కనపడవు. ట్రూకాలర్‌లో మీ నంబరుకి ఏ పేరు వస్తోందో ఇంకొకరి ఫోన్‌లో చూడండి. పెళ్లయ్యాక లింక్డ్‌ఇన్‌లో అత్తవారి ఇంటిపేరు చేర్చుకున్నానన్నారు, సర్టిఫికెట్ల మీద పాత పేరుంది. రెజ్యూమే, లింక్డ్‌ఇన్, నౌకరీ సైటు మూడింట్లో సర్టిఫికెట్ల మీది పేరే ఉంచితే వెరిఫికేషన్‌లో మాట తక్కువ. రెజ్యూమేలో ఆధార్ నంబరు, పుట్టినతేదీ, తండ్రి పేరు, ఇంటి అడ్రస్ అక్కర్లేదు. ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాళ్లకి రూపాయి పంపొద్దు. పొరపాటున పంపితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక అత్తవారిల్లు. సాంకేతికంగా దీనికి దారి ఉంది. 'ఓపెన్ టు వర్క్'లో అందరికీ కనపడే ఆకుపచ్చ చట్రం ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే తెలిసేది ఇంకొకటి. రెండోది పెట్టుకుంటే మీ ఆడపడుచుకి కనపడదు. ప్రొఫైల్‌లో మార్పులు చేసేముందు వాటి గురించి అందరికీ తెలియజేసే సెట్టింగు కూడా ఆపేయండి. నౌకరీలో బంధువులు చూసేదేమీ ఉండదు.

కానీ ఇక్కడొకటి మీ దృష్టికి తేవాలి. మీ పోస్టుని వేలమంది చూశారు, లింక్డ్‌ఇన్‌లో ఉన్న ఆడపడుచు చూడలేదని ఎలా అనుకుంటున్నారు? చూసి, మీ అంతట మీరు చెబుతారని ఎదురుచూస్తూ ఉండొచ్చు. తెలియకపోతే, ఎవరో చెప్పగా తెలియడానికీ మీ నోటి నుంచి వినడానికీ మధ్య మీ అత్తగారికి చాలా తేడా ఉంటుంది. చెబితే నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. పండక్కి వెళ్లినప్పుడు ఇబ్బందిగా ఉండొచ్చు, బంధువుల్లో ఎవరో ఒకరు జాలి చూపిస్తారు, అది ఇంకా కష్టం. చెప్పకపోతే పగలంతా ఉద్యోగం చేస్తున్నట్టు నటిస్తూ ఉద్యోగం వెతుక్కోవాలి, ప్రతి ఫొటో, ప్రతి సెట్టింగు వాళ్ల భయంతోనే మార్చుకోవాలి. మీ ఆయనకి ముందు నుంచీ తెలుసు కాబట్టి, చెప్పాలనుకుంటే ఆయన పక్కన ఉండగా, మొదట ఆడపడుచుకి చెప్పడం తేలిక కావచ్చు. ఆమె వయసులో మీకు దగ్గర, ఉద్యోగాల సంగతి తెలిసిన మనిషి. ఇప్పుడే కాదనుకుంటే రిక్రూటర్లకే కనపడే దారిలో ఇంకొన్నాళ్లు నడవండి, అందులో తప్పేమీ లేదు.

చివరిగా, ఆ హెచ్ఆర్ ఆవిడకి ఒక మెయిల్ రాయమంటాను. నెల దాటలేదు, ఆలస్యం కాలేదు. బతిమాలొద్దు, సంజాయిషీ పొడుగు చేయొద్దు. ఆ రోజు పోస్టు గురించి మీరు అడిగినప్పుడు సరిగా చెప్పలేకపోయానని, ఇప్పుడు అందులోంచి పేరు తీసేశానని, నా పని గురించి చెప్పగలిగే ఇద్దరి వివరాలు ఇస్తున్నానని, ఆ స్థానం ఇంకా ఖాళీగా ఉంటే మాట్లాడటానికి సిద్ధమని. నాలుగైదు వాక్యాలు చాలు. జవాబు రాకపోవచ్చు. వస్తే, వద్దన్నా సరే, ఎందుకు వద్దన్నారో కొంతైనా తెలుస్తుంది. పంపేముందు పోస్టులో పేరు నిజంగా తీసేశారో లేదో చూసుకోండి, ఆవిడ ముందు వెళ్లి చూసేది అదే.